బెంగళూరులో పిల్లల్ని సైకిల్ మీద బడికి పంపాలంటే: ఐదు పద్ధతుల్లో మీ ఇంటికి ఏది సరిపోతుంది?

మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం, రామ్మూర్తి నగర్ వైపు మనవాళ్లు ఎక్కువగా ఉండే అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో బడులు తెరిచే రోజులొస్తే ఒకటే చర్చ. ఏ వ్యాన్ మంచిది? డ్రైవర్ నెమ్మదిగా నడుపుతాడా? పొద్దున ఎన్నింటికి గేటు దగ్గర ఉండాలి? బడి రెండు కిలోమీటర్లే ఉన్నా పిల్లలు ముప్పావుగంట వ్యాన్‌లో ఊరంతా తిరిగి వెళ్తారు. మనలో చాలామంది అనంతపురంలోనో కడపలోనో ఖమ్మంలోనో హైస్కూలుకి సైకిల్ తొక్కుకుంటూ వెళ్లినవాళ్లమే. పిల్లల దగ్గరికి వచ్చేసరికి మాత్రం "అమ్మో, బెంగళూరు ట్రాఫిక్‌లోనా?" అంటాం.

ఆ భయంలో న్యాయం ఉంది. కాకపోతే సైకిల్ అంటే పిల్లాణ్ని ఒంటరిగా రోడ్డు మీదికి వదిలెయ్యడమే కాదు. ఆ మాటలో కనీసం ఐదు వేర్వేరు పద్ధతులున్నాయి. వాటిలో మూడింటిలో పక్కన పెద్దవాళ్లు ఉంటారు. మీ ఇంటికి ఏది పనికొస్తుందో తేల్చుకోవడానికి ముందుగా దేన్ని చూడాలో చెప్తాను.

## ముందు చూడాల్సినవి

అందరూ మొదట దూరం అడుగుతారు. నేనైతే దారిలో ఉన్న అతి చెడ్డ క్రాసింగ్ ఏదని అడుగుతాను. రెండు కిలోమీటర్ల దారిలో పందొమ్మిది వందల మీటర్లు చెట్ల నీడన, హంపులున్న లోపలి రోడ్ల మీద సాగి, మిగిలిన వంద మీటర్లు ఔటర్ రింగ్ రోడ్డు దాటడం అయితే, ఆ దారి ఎలాంటిదో తేల్చేది ఆ వంద మీటర్లే. నాలుగు కిలోమీటర్లున్నా పెద్ద రోడ్డు ఎక్కడా తగలని దారి దీనికంటే మేలు. పదేళ్ల లోపు పిల్లలకు ఎదురుగా వచ్చే బండి ఎంత వేగంతో వస్తోందో సరిగ్గా అంచనా వెయ్యడం చేతకాదు. అది తెలివికి సంబంధించింది కాదు, వయసుతో వచ్చే నేర్పు. కాబట్టి ఆ క్రాసింగ్ దగ్గర దిగి, సైకిల్ చేత్తో పట్టుకుని, సిగ్నల్ పడ్డాక పెద్దవాళ్లతో కలిసి నడిచి దాటే వీలుందా లేదా అన్నది మొదట తేల్చుకోండి. వీలు లేకపోతే మీకు మిగిలేది ఒకే పద్ధతి. దాన్ని చివర్లో చెప్తాను.

మ్యాప్‌ని నమ్మకండి. ఒక ఆదివారం పొద్దున బడిదాకా నడిచి వెళ్లండి, తర్వాత బడి ఉన్న రోజు ఎనిమిది గంటలకు అదే దారిలో మళ్లీ నడవండి. ఎక్కడ మురుగు కాలువ మీద స్లాబు విరిగింది, ఎక్కడ వన్‌వేకి ఎదురుగా బైకులు దూసుకొస్తాయి, నీళ్ల ట్యాంకర్ ఏ మూల దగ్గర వెనక్కి తీస్తుంది, కుక్కల గుంపు ఎక్కడుంటుంది, ఇవన్నీ ఆ రెండు నడకల్లో తెలిసిపోతాయి.

సైకిల్ లేన్ల మీద ఆశ పెట్టుకుని ప్లాన్ వేసుకోకండి. జయనగర్‌లో 2012లో గీసిన లేన్లలో కార్లు పార్కింగ్ అయ్యాయి. 2020లో ఔటర్ రింగ్ రోడ్డు మీద స్తంభాలు పాతి వేసిన లేన్ కూడా నిలవలేదు. సిటీ మధ్యలో టెండర్ ష్యూర్ అనే రోడ్ల పథకం కింద బాగు చేసిన కొన్ని రోడ్లు బాగున్నా, మన పిల్లల బడులు ఎక్కువగా అక్కడ లేవు. అందుకే క్రాసులు, మెయిన్‌లుగా విడగొట్టిన పాత లేఅవుట్లలో సందుల్లోంచి దారి ఉందా అని వెతకండి. హెచ్‌ఎస్‌ఆర్, జయనగర్ లాంటి చోట్ల పెద్ద రోడ్డుకి సమాంతరంగా నిదానంగా ఉండే లోపలి రోడ్డు దాదాపు ఎప్పుడూ దొరుకుతుంది. పణతూరు, వర్తూరు వైపు అలా ఉండదు. అక్కడ ఊళ్లు లేఅవుట్లుగా మారే క్రమంలో ఉన్న ఒక్క రోడ్డే అందరికీ దిక్కయింది.

రెండోది పిల్లల చేతనైనతనం. వయసు ఒక అంచనా మాత్రమే. సైకిల్ వంకర పోకుండా భుజం మీదుగా వెనక్కి చూడగలగాలి. ఒక చెయ్యి వదిలి సిగ్నల్ ఇవ్వగలగాలి. బ్రేకు పట్టిన చోటే కాలు కింద పెట్టి ఆగాలి. ఈ మూడూ అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లోనే నేర్పచ్చు, అక్కడే పరీక్ష పెట్టచ్చు. నెదర్లాండ్స్‌లో ప్రైమరీ స్కూలు చివరి తరగతుల్లో పిల్లలకు ట్రాఫిక్ పరీక్షే పెడతారు. అక్కడ కూడా రోడ్లు మొదటినుంచీ ఇలా లేవు. 1971లో ఒక్క ఏడాదిలో నాలుగు వందలమందికి పైగా పిల్లలు రోడ్డు ప్రమాదాల్లో చనిపోతే తల్లిదండ్రులు రోడ్డెక్కి పోరాడి తెచ్చుకున్న మార్పు అది.

మూడోది, పొద్దున ఏడున్నరకి ఇంట్లో ఎవరు ఖాళీ? నాలుగోది, బడి లోపల సైకిల్ పెట్టుకునే చోటుందా? ఐదోది వాన, బ్యాగు. ఈ చివరి రెండింటి గురించి తర్వాత వివరంగా చెప్తాను.

## ఒకటి: మీ సైకిల్ మీదే కూర్చోబెట్టుకుని

మూడేళ్ల నుంచి ఆరేళ్లదాకా ఇదే దారి. వెనక బిగించే పిల్లల సీట్లు ఎక్కువగా 22 కిలోల దాకా మోస్తాయి, సీటు మీదే రాసి ఉంటుంది చూడండి. బెల్టు, కాళ్లు పెట్టుకునే చోటు తప్పకుండా ఉండాలి. మామూలు క్యారియర్ మీద దిండు వేసి కూర్చోబెట్టకండి. పిల్లల మడమ చువ్వల్లోకి పోయి అయ్యే గాయం పిల్లల డాక్టర్లందరికీ బాగా తెలిసిన గాయం, చర్మం ఊడి కుట్లు పడేదాకా వెళ్తుంది. సీటు కొనడం కుదరకపోతే కనీసం చువ్వలకి అడ్డంగా పూర్తి గార్డు వేయించండి.

ఇందులో నిర్ణయాలన్నీ మీవే కాబట్టి టెన్షన్ తక్కువ. అలవాటు మాత్రం మీకే ఉండాలి. ఏళ్ల తర్వాత సైకిల్ ఎక్కేవాళ్లయితే నీళ్ల డబ్బా కట్టుకుని కొన్నాళ్లు తిరిగి, బరువుతో బ్యాలన్స్ ఎలా మారుతుందో చూసుకున్నాకే పిల్లల్ని ఎక్కించుకోండి.

## రెండు: పిల్లలు వాళ్ల సైకిల్ మీద, మీరు పక్కన

ఏడు నుంచి పదేళ్ల దాకా పిల్లలకు నేర్పడానికి దీన్ని మించింది లేదు. మీరు ముందు వెళ్లి "నా వెనకే రా" అనకండి. పిల్లల వెనక, కాస్త కుడి పక్కగా తొక్కండి. అప్పుడు వాళ్లు మీ కళ్ల ముందుంటారు, వెనక నుంచి వచ్చే బండి మిమ్మల్ని తప్పించుకోవాలి కాబట్టి పిల్లలకు ఎడం దొరుకుతుంది. రోడ్డు అంచుకి అతుక్కుని తొక్కమని చెప్పే అలవాటు మనకుంది. అంచునే విరిగిన స్లాబులు, ఇసుక, ఆగిన కార్ల తలుపులు ఉంటాయి. ఆగిన కారు తలుపు ఒక్కసారిగా తెరుచుకుంటే దాదాపు మీటరు బయటికొస్తుంది. అంత ఎడం ఉంచి తొక్కమనండి.

చిక్కల్లా సమయంతోనే. పొద్దున వెళ్లి రావాలి, సాయంత్రం మళ్లీ వెళ్లి రావాలి, వారానికి ఐదు రోజులు. ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు ఫరవాలేదు. ఇద్దరూ ఆఫీసుకి వెళ్లే ఇంట్లో ఇది నెల తిరక్కుండానే ఆగిపోతుంది. అలా ఆగిపోతే నేర్చుకున్నదంతా వృథా అనుకోకండి, మూడో పద్ధతికి ఇది పునాది.

## మూడు: బ్యాచ్‌గా వెళ్లడం

బెంగళూరు అపార్ట్‌మెంట్ జీవితానికి అచ్చంగా సరిపోయేది ఇదే, ఎక్కువ ఇళ్లకు నేను చెప్పే సలహా కూడా ఇదే. ఒకే బడికి వెళ్లే ఐదారుగురు పిల్లలు, ముందు ఒక పెద్ద మనిషి, చివర ఒక పెద్ద మనిషి. బార్సిలోనాలో 2021 నుంచి 'బిసిబుస్' పేరుతో తల్లిదండ్రులు ఇలాగే నడుపుతున్నారు. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో 2022లో సామ్ బాల్టో అనే పీఈటీ మాస్టారు మొదలుపెట్టినది పెద్ద ఊరేగింపులా పెరిగింది. మనకి అంత గుంపు అక్కర్లేదు. ఆరుగురు చాలు. పదిమంది దాటితే మన సందుల్లో ఇద్దరు పెద్దవాళ్లు సంభాళించలేరు.

లెక్క చూడండి. ఆరు ఇళ్లు కలిస్తే పొద్దున పూటకి రోజుకి ఇద్దరు చొప్పున వారానికి పది డ్యూటీలు. ఒక్కో ఇంటికి ఒకటో రెండో పడతాయి. రెండో పద్ధతిలో ఒక్క ఇల్లే ఐదు రోజులూ మొయ్యాల్సిన బరువు ఇక్కడ ఇలా విడిపోతుంది. తోడుగా ఊరి నుంచి వచ్చి ఉండే తాతయ్యల్లో సైకిల్ తొక్కేవాళ్లు ఉంటే వాళ్ల పేరూ రాసుకోండి. చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు.

బ్యాచ్ నిలవాలంటే నియమాలు మొదటి రోజే తేల్చుకోవాలి. బయలుదేరే సమయం, ఆగే చోట్లు వ్యాన్‌కి ఉన్నట్టే ఖాయంగా ఉండాలి: మెయిన్ గేటు 7:20, పార్కు మూల 7:26, ఇలా. రెండు నిమిషాలు చూసి కదిలిపోవాలి, ఎవరి పిల్లలైనా సరే. అందరికంటే నెమ్మదిగా తొక్కే పిల్లని ముందున్న పెద్దవాళ్ల వెనకే ఉంచండి. చివర్లో ఉంచితే ఆ పిల్ల అందుకోవాలన్న హడావుడిలో చూసుకోకుండా మలుపు తిరుగుతుంది. చెడ్డ క్రాసింగ్ దగ్గర అందరూ దిగాలి, పెద్దవాళ్లతో సహా. ట్రాఫిక్‌ని చెయ్యి అడ్డుపెట్టి ఆపే ప్రయత్నం చెయ్యకండి. ఒక కారు ఆగినా దాని పక్కనుంచి బైకు ఆగదు. వాన పడేలా ఉంటే 6:45కి గ్రూపులో ఒకే మెసేజ్: ఉంది, లేదు. దాని మీద వాదన ఉండకూడదు.

మా అపార్ట్‌మెంట్ పిల్లల బ్యాచ్‌లో తెలుగు, కన్నడ, మలయాళం ఇళ్ల పిల్లలు కలిసే ఉంటారు. ముందున్న అమ్మాయి గుంత కనపడగానే ఎడమ చేత్తో కిందికి చూపించి "గుండి!" అని కన్నడలో అరుస్తుంది. వెనకవాళ్లు వరసగా అదే మాట అందుకుంటారు, చివర్లో ఉన్న మూడో క్లాసు పిల్లాడు అందరికంటే గట్టిగా. వాడి వెనక ఇంకెవరూ పిల్లలు లేరు, అయినా అరుస్తాడు. ఆ పిల్లలకి ఇప్పుడు ఆ దారిలో ప్రతి గుంతా తెలుసు. కిరాణా కొట్టు ముందు ఆటో అతను వాళ్లని చూసి బండి కాస్త పక్కకి జరుపుతాడు. ఒంటరి సైకిల్‌ని పట్టించుకోని రోడ్డు ఆరు సైకిళ్ల వరసని పట్టించుకుంటుంది.

లోపం లేదని కాదు. ఒకే బడి, ఒకే సమయం, దగ్గరి ఇళ్లు, ఇవన్నీ కలిసి రావాలి. అపార్ట్‌మెంట్‌లో నాలుగు వేర్వేరు బడుల పిల్లలుంటే బ్యాచ్ తయారవదు. ఒక ఇల్లు డ్యూటీ ఎగ్గొట్టడం మొదలుపెడితే మిగతా ఇళ్ల మధ్య మాటలు వస్తాయి. అందుకే మొదట వారానికి రెండు రోజులతో మొదలుపెట్టండి. అది కుదిరాక పెంచండి.

## నాలుగు: ఒంటరిగా, లేదా స్నేహితులతో

పన్నెండేళ్లు దాటి, పైన చెప్పిన మూడు పరీక్షలూ పాసై, ఊడిన చైను తనే వేసుకోగల పిల్లలకు ఇది కుదురుతుంది. దానికి ముందు కొన్నాళ్లు మీరు యాభై మీటర్ల వెనక తొక్కుతూ చూడండి. ప్రతి మలుపులో కాలు కింద పెట్టి చూస్తున్నారా, లేక ఆగకుండా పోతున్నారా అన్నది అప్పుడే తెలుస్తుంది.

తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ట్యూషన్ పేరుతో స్కూటీ తాళం ఇచ్చే ఇళ్లకు ఒక మాట. 2019లో మారిన మోటారు వాహనాల చట్టంలోని 199ఎ సెక్షన్ ప్రకారం, మైనర్ బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. జరిమానా సంగతి పక్కన పెట్టినా, ఆ వయసు పిల్లల చేతిలో గంటకి యాభై కిలోమీటర్ల వేగం, పదిహేను కిలోమీటర్ల వేగం ఒకటి కావు. బండి కావాలని మారాం చేసే పిల్లలకు ఒక మంచి గేర్ సైకిల్ కొనివ్వండి, అది వాళ్లకు తక్కువతనంగా అనిపించదు.

ఆడపిల్లల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. బిహార్‌లో 2006లో హైస్కూలు అమ్మాయిలకు ప్రభుత్వం సైకిళ్లివ్వడం మొదలుపెడితే, సరైన వయసులో హైస్కూల్లో చేరే అమ్మాయిల సంఖ్య 32 శాతం పెరిగిందని ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిషీత్ ప్రకాశ్ లెక్కగట్టారు. కర్ణాటకలో 2006-07 నుంచి ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు సైకిళ్లిచ్చారు. ఊళ్లలో అమ్మాయిలు గుంపుగా తొక్కుకుంటూ ఐదారు కిలోమీటర్లు వెళ్లారు. అదే వయసుకి నగరంలో మన ఇళ్లలో అమ్మాయి సైకిల్ బాల్కనీలోకి చేరుతుంది. ఒంటరిగా పంపడం భయమైతే ఇద్దరు ముగ్గురు స్నేహితురాళ్లతో పంపండి, దారి నిర్ణయించండి, చేరగానే బడి నుంచి ఫోన్ చేయించుకోండి. మాన్పించడం మాత్రం ఇంకే దారీ లేనప్పుడే.

## ఐదు: సగం దారి బండిలో, సగం దారి సైకిల్

బడి ఆరు, ఎనిమిది కిలోమీటర్లు ఉన్నా, మధ్యలో దాటలేని రోడ్డు ఉన్నా ఇదొక్కటే మార్గం. ఆ చెడ్డ క్రాసింగ్ దాటేదాకా కార్లోనో స్కూటర్ మీదో తీసుకెళ్లి, బడికి కిలోమీటరు ఇవతల తెలిసినవాళ్ల ఇంట్లో ఉంచిన సైకిల్ ఎక్కించడం. గేటు ముందు కార్ల గుంపులో ఇరుక్కునే పది నిమిషాలు మీకు మిగులుతాయి. కాలేజీ పిల్లలకైతే మెట్రో కలిసొస్తుంది. పర్పుల్ లైన్ 2023లో వైట్‌ఫీల్డ్ దాకా పూర్తయింది, మడత సైకిల్‌ని రైల్లో తీసుకెళ్లనిస్తారు. చిన్నపిల్లలకి మడత సైకిల్ బరువు, దాని జోలికి పోకండి.

## ఒక్క చూపులో

| పద్ధతి | వయసు అంచనా | దూరం | పెద్దల సమయం | అసలు చిక్కు |
|---|---|---|---|---|
| మీ సైకిల్ మీద | 3–6 | 3 కి.మీ. దాకా | రోజూ రెండుసార్లు | మీ అలవాటు, బరువు |
| పక్కన తొక్కడం | 7–10 | 3 కి.మీ. దాకా | రోజూ రెండుసార్లు | ఆఫీసు వేళలు |
| బ్యాచ్ | 8–12 | 4 కి.మీ. దాకా | వారానికి ఒకటి రెండుసార్లు | ఒకే బడి పిల్లలు దొరకడం |
| ఒంటరిగా | 12 దాటాక | 5 కి.మీ. దాకా | మొదట కొన్నాళ్లు | చెడ్డ క్రాసింగ్ |
| సగం సగం | 8 దాటాక | ఎంతైనా | రోజూ కొంత | సైకిల్ ఉంచే చోటు |

## వాన, బ్యాగు, సైకిల్

బెంగళూరు వానలు ఎక్కువగా మధ్యాహ్నం తర్వాత, సాయంత్రం పడతాయి. ఏప్రిల్-మే జల్లులూ, సెప్టెంబర్-అక్టోబర్ కుండపోతా రెండూ అంతే. పొద్దున చాలాసార్లు పొడిగానే ఉంటుంది. కాబట్టి పొద్దున సైకిల్, వాన రోజు సాయంత్రం ఆటో అన్నది చక్కగా నడిచే ఏర్పాటు. దానికి సైకిల్ రాత్రి బళ్లోనే ఉండాలి, కప్పున్న స్టాండు కావాలి. నీళ్లు నిలిచిన రోడ్డులోకి ఎవరూ దిగకూడదు, అడుగున తెరిచిన కాలువ ఉందో లేదో కనపడదు. అండర్‌పాస్ అయితే అసలే వద్దు. 2023 మేలో కేఆర్ సర్కిల్ అండర్‌పాస్‌లో నిలిచిన నీళ్లలో కారు మునిగి మన ఆంధ్రా అమ్మాయే ప్రాణం పోగొట్టుకుంది.

బ్యాగు భుజాన వేసుకుని తొక్కితే బ్యాలన్స్ చెడుతుంది, క్యారియర్ మీద రబ్బరు పట్టీతో కట్టండి. కర్ణాటక ప్రభుత్వం 2019లో ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం మూడు నుంచి ఐదు తరగతుల వాళ్ల బ్యాగు 2–3 కిలోలు, ఆరు నుంచి ఎనిమిది వాళ్లది 3–4 కిలోలు మించకూడదు. మీ పిల్లల బ్యాగుని ఒకసారి తూకం వేసి, ఆ అంకె పట్టుకుని బడికి వెళ్లండి.

సైకిల్ కొనేటప్పుడు "ఇంకో రెండేళ్లు వస్తుంది" అని పెద్దది కొనకండి. సీటు మీద కూర్చుంటే రెండు పాదాల ముందుభాగం నేలకి ఆనాలి. ఆరు నుంచి తొమ్మిదేళ్లకు 20 అంగుళాల చక్రం, ఆ తర్వాత పన్నెండు దాకా 24 సుమారుగా సరిపోతాయి. హెల్మెట్, వెనక ఎర్ర లైటు, బెల్లు, చైన్ కవర్ ఉండాలి. గేర్లు లేకపోయినా ఫరవాలేదు. సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని పంక్చర్ షాపులో బ్రేకు కట్టెలు, వైర్లు మార్పించుకుంటే చాలా ఇళ్లకు అదే చాలు.

## మీ ఇంటి పరిస్థితిని బట్టి

ఇద్దరూ ఆఫీసుకి వెళ్తూ మూడో క్లాసు పిల్లలుంటే బ్యాచ్ కోసం గట్టిగా ప్రయత్నించండి. రెండు మూడు ఇళ్లు కలిసినా మొదలుపెట్టచ్చు. ఇంట్లో ఒకరు ఖాళీగా ఉండి బడి దగ్గరే అయితే పక్కన తొక్కడంతో మొదలుపెట్టి ఏడాదిలో బ్యాచ్‌కి మారండి. హైస్కూలు పిల్లలైతే మీ భయాన్ని వాళ్లతోనే మాట్లాడండి, ఆ దారిలో వాళ్లతో ఒకసారి తొక్కండి. దారిలో దాటలేని రోడ్డుంటే సగం సగం, అదీ కుదరకపోతే వ్యాన్‌లోనే పంపండి, మనసు కష్టపెట్టుకోకండి. ఆ ఇల్లు చెయ్యగలిగిన పని వేరే ఉంది: ఆ క్రాసింగ్‌లో సిగ్నల్ కావాలని, ట్రాఫిక్ పోలీసులకూ కార్పొరేషన్‌కీ బడి లెటర్‌హెడ్ మీద అర్జీ పెట్టించడం. ఒక్క తండ్రి రాసిన ఉత్తరం కంటే బడి సంతకంతో వెళ్లిన అర్జీకి బరువు ఎక్కువ.

ఏ పద్ధతైనా పేరెంట్స్ మీటింగ్‌లో బడిని మూడు విషయాలు అడగండి. గేటు లోపల కప్పున్న సైకిల్ స్టాండు. సైకిల్, నడక పిల్లలకు కార్ల కంటే పది నిమిషాలు ముందు గేటు తెరవడం. పిల్లల్ని దింపే కార్లు గేటుకి వంద మీటర్ల అవతలే ఆగేలా వాచ్‌మన్‌ని నిలబెట్టడం. మూడోదానికి బడి వెంటనే ఒప్పుకోదు, కార్లలో వచ్చే తల్లిదండ్రులే అడ్డు చెప్తారు. మొదటి రెండిటితో ప్రారంభించండి. స్టాండులో సైకిళ్లు నిండడం మొదలయ్యాక మూడోది మళ్లీ అడగండి.